డోలీ మేలా? స్ట్రెచర్ మేలా?

శృంగవరపుకోట కొండల్లో గానీ, మందస కొండల్లో గానీ ఉన్న ఊళ్ళకు 108 బండి రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. 2005లో ఆ సర్వీసు మొదలైంది. ఈనాటికీ చాలాచోట్ల ఆ పైన మనుషుల భుజాలే గతి.

డోలీకి ఉన్న మేలు నిజమైనదే. దుప్పటిని ఉయ్యాలలా కర్రకు కడితే ఇద్దరు చాలు, ఒకరి వెనక ఒకరు నడిచే బాటలో పడుతుంది. మడత స్ట్రెచర్‌కు మనుషులూ ఎక్కువ కావాలి, బాటా వెడల్పుగా ఉండాలి.

కానీ నేనోసారి డోలీకి వెనక కర్ర మోశాను. లోపలి మనిషి నడుం విల్లులా వంగిపోయింది, గడ్డం ఛాతీకి ఆనుకుంది. స్పృహ లేనివాళ్ళకు ఆ వంపులో ఊపిరాడదు. నెలలు నిండిన గర్భిణినైతే ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి బీపీ తగ్గుతుంది, బిడ్డకు రక్తం చాలదు. స్ట్రెచర్ మీద వీపు వెనక చీర మడత పెడితే సరిపోతుంది. డోలీలో ఆ వీలెక్కడ?

చింతచెట్టు మీంచి పడినవాళ్ళను డోలీలో వేయనే కూడదు. వాళ్ళకు స్కూప్ స్ట్రెచర్ మంచిది. అది నిలువునా రెండు ముక్కలవుతుంది. ఇటొకటి, అటొకటి ఒంటి కిందకు జరిపి క్లిప్పు బిగిస్తే, మనిషిని పెద్దగా కదపకుండానే పైకి లేపొచ్చు. ఆయాసంతో ఉండి, తెలివిగా మాట్లాడేవాళ్ళకు మాత్రం పడుకోవడమే కష్టం. వాళ్ళకు రెండు కర్రలకు గట్టిగా కట్టిన చెక్క కుర్చీయే నయం. విజయనగరంలో లిఫ్టు లేని అపార్ట్‌మెంట్ మెట్లకైనా అంతే.

మిగతా అందరికీ నా ఓటు బెల్టులున్న మడత స్ట్రెచర్‌కే. బాట ఇరుకైన చోట ఇద్దరే ముందూ వెనకా పట్టి, మిగిలినవాళ్ళు వంతులు మార్చుకోవాలి. అది ఊళ్ళోనే, ఆశా కార్యకర్త ఇంట్లో ఉండాలి. కింద బండిలో ఉంటే పైకి తెచ్చేసరికే సగం పొద్దు పోతుంది.

మా అత్త గెడ్డ దగ్గర జారిపడి తుంటి విరిగినప్పుడు స్ట్రెచర్ చూసి, "పాడెలా ఉందిరా, నేనెక్కను" అని ఏడ్చింది. "భుజాల మీద మొయ్యం అత్తా, చేతులతో నడుం ఎత్తులోనే పట్టుకుంటాం. దిగేటప్పుడు కాళ్ళు ముందుంటాయి, తల నా వైపుంటుంది. దారంతా నీ ముఖం చూస్తూనే ఉంటాను" అన్నాను. అప్పుడు బెల్టు పెట్టనిచ్చింది.