మూడు రోజుల కిట్టులో ఒక పూట నీళ్లు: రెడీమేడ్ ఎమర్జెన్సీ బ్యాగ్ రివ్యూ

"ఇద్దరికి 72 గంటలు" అని పెట్టె మీద రాసి అమ్మే ఎమర్జెన్సీ బ్యాగుల గురించి ఈ రివ్యూ. కంపెనీ ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: 125 మి.లీ. నీళ్ల ప్యాకెట్లు 12, ఒక్కొక్కటి 2400 కేలరీల ఆహారపు దిమ్మలు 2, వెండి రంగు రేకు దుప్పట్లు, పల్చటి రెయిన్‌కోట్లు, లైట్ స్టిక్కులు, మాస్కులు, గ్లవ్స్, విజిల్, ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా. ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే చేత్తో తిప్పే రేడియో కూడా వస్తుంది. చాంతాడంత జాబితా చూసి మురిసిపోయే ముందు నీళ్ల లెక్క ఒక్కటి వేయండి.

12 ప్యాకెట్లు కలిపితే లీటరున్నర. ఇద్దరికి మూడు రోజులకు పంచితే మనిషికి రోజుకు 250 మి.లీ., అంటే ఒక గ్లాసు. మామూలుగా చెప్పే లెక్క మనిషికి రోజుకు తాగడానికి 2 లీటర్లు, వంటా శుభ్రతా కూడా కలుపుకుంటే మొత్తం 4 లీటర్లు. ఈ ప్యాకెట్లు నిజానికి లైఫ్‌బోట్లలో పెట్టే రేషన్. సముద్రం మధ్య ప్రాణం నిలుపుకోవడానికి చేసినవి. మెట్లెక్కి, బరువులు మోసి, ఎండలో నడిచే మనిషికి ఏ మూలకూ చాలవు.

పోనీ లెక్క ప్రకారం పెడదామా అంటే ఇద్దరికి మూడు రోజులకు 24 లీటర్లు, అంటే 24 కిలోలు. అది వీపున మోసే బరువు కాదు. అందుకని నీళ్లను రెండుగా విడగొట్టాలి. ఇంట్లో ఉండిపోవాల్సి వస్తే తాగే నీళ్లు ఇంట్లోనే నిల్వ ఉండాలి, కనీసం మూడు రోజులకు, చోటుంటే రెండు వారాలకు. బ్యాగులో మాత్రం మనిషికి 2 లీటర్ల గట్టి సీసా ఒకటి, దొరికిన నీటిని శుద్ధి చేసుకునే సరంజామా ఉంటే చాలు. ప్యాకెట్లు తీసేయక్కర్లేదు, సీసా పగిలితే అక్కరకొస్తాయి.

ఆ సరంజామా కిందే కొన్ని కిట్లలో ఫిల్టర్ స్ట్రా పెడుతున్నారు. మంచిదే, కానీ దాని హద్దులు పెట్టె మీద సరిగా చెప్పరు. సన్నటి గొట్టాల ఫిల్టర్ బ్యాక్టీరియాను, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులను ఆపుతుంది, వైరస్‌లను వదిలేస్తుంది. మురుగు కలిసిన వరద నీటిలో అవే భయం. క్లోరిన్ మాత్రలు వైరస్‌లను చంపుతాయి కానీ క్రిప్టోస్పోరిడియం అనే మొండి ప్రోటోజోవా పరాన్నజీవి ముందు తేలిపోతాయి. కాబట్టి రెండూ ఉండాలి. ముందు గుడ్డలో వడగట్టి, తేర్చి, ఫిల్టర్ చేసి, ఆ తర్వాత మాత్ర వేయండి. ఎన్ని లీటర్లకు ఒక మాత్ర అన్నది స్ట్రిప్ మీద చూసుకోండి, బలం కంపెనీని బట్టి మారుతుంది. వేశాక 30 నిమిషాలు ఆగాలి, నీళ్లు చల్లగా ఉంటే ఇంకాసేపు. పొయ్యి ఉంటే ఈ గొడవే లేదు: తెర్లుతుండగా ఒక నిమిషం, 2000 మీటర్ల పైన ఎత్తులో 3 నిమిషాలు మరిగించాలి. డీజిల్ వాసన వచ్చే నీటిని మాత్రం ముట్టకండి. రసాయనాలను ఇవేవీ తీసేయలేవు.

స్ట్రాతో ఇంకో చిక్కు ఉంది. దానితో నీటి దగ్గర వంగి పీల్చుకోవడమే తప్ప సీసాలో నింపుకోలేం. సీసా మూతికి బిగించుకునే రకం తీసుకుంటే పని సులువు. ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకట్టే చలిలో ఉంటే లోపలి గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ కనిపించదు. అనుమానమొస్తే పారేయడమే.

తిండి విషయంలో కిట్టును తప్పుపట్టలేం. మనిషికి ఒక దిమ్మ, రోజుకు 800 కేలరీలు. ఆకలేస్తుంది కానీ మూడు రోజుల్లో ముప్పేమీ రాదు. గోధుమ పిండి పడనివాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు ముందే ప్రత్యామ్నాయం పెట్టుకోవాలి.

లైట్ స్టిక్కులు 12 గంటలని రాస్తారు. దారి చూపేంత వెలుగు మొదటి కొన్ని గంటలే, ఆ తర్వాత మనిషి ఎక్కడున్నాడో తెలియడానికి పనికొస్తాయి. వాటి స్థానంలో తలకు కట్టుకునే లైట్ పెట్టండి, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. బ్యాటరీలు లోపల వేసి దాచొద్దు. ఆల్కలైన్ సెల్ కారితే లోపలి పట్టీలు తినేసి లైటే పోతుంది. సెల్స్ విడిగా, చివరలు ఒకదానికొకటి తగలకుండా సంచిలో ఉంచాలి. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ఇచ్చి ఉంటే వెలుగు కోసం వాటి జోలికి వెళ్లొద్దు. భూకంపం తర్వాత గ్యాస్ కారుతుంటే అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

చేతి రేడియో వార్తలు వినడానికి బాగుంటుంది. "ఫోన్ ఛార్జ్ చేస్తుంది" అన్న మాట పేరుకే. లోపల ఉండేది చిన్న బ్యాటరీ, నేటి ఫోన్లలో చాలావాటిది 5000 ఎం.ఏ.హెచ్. (బ్యాటరీలో పట్టే ఛార్జ్ కొలత) లేదా అంతకన్నా ఎక్కువ. చేతులు పడిపోయేలా తిప్పినా ఒకటి రెండు కాల్స్‌కు వస్తే గొప్ప. పైగా ఆ లిథియం బ్యాటరీ ఏళ్ల తరబడి అలమరలో పడుంటే పూర్తిగా దిగిపోయి మళ్లీ లేవకపోవచ్చు. మామూలు సెల్స్ కూడా వేసుకునే రకం కొనండి. ఫోన్ కోసం పవర్ బ్యాంక్ వేరే ఉండాలి. 10000 అని రాసి ఉన్నా వోల్టేజ్ మార్పిడి నష్టాలు పోగా చేతికందేది సుమారు 6000. రేడియోనూ పవర్ బ్యాంకునూ ప్రతి మూడు నెలలకు ఛార్జ్ చేయాలి.

రేకు దుప్పటి మన ఒంటి వేడిని వెనక్కి కొడుతుంది, అంతే. నేల చలిని ఆపదు, ముల్లు తగిలితే చిరుగుతుంది, లోపల చెమట పట్టి బట్టలు తడుస్తాయి. కింద అట్టముక్కయినా పరుచుకోవాలి.

ఫస్ట్ ఎయిడ్ డబ్బాది అంకెల గారడీ. వంద వస్తువుల్లో ఎక్కువ భాగం అంటించే చిన్న పట్టీలు, దూది పుల్లలు. లోతుగా తెగితే కావలసింది వెడల్పాటి స్టెరైల్ గాజ్ గుడ్డ, రోలర్ బ్యాండేజీలు, త్రికోణపు బ్యాండేజీ, మంచి టేపు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు కూడా వేయండి.

కిట్టులో మామూలుగా రానివి, రాలేనివి కొన్ని ఉన్నాయి: రోజూ వేసుకునే మందులు కనీసం ఏడు రోజులవి, చీటీ నకలు, స్పేర్ కళ్లద్దాలు, పత్రాల నకళ్లు, చిన్న నోట్లలో డబ్బు, శానిటరీ ప్యాడ్లు, కాగితం మీద రాసిన ఫోన్ నంబర్లు. ఫోన్ చచ్చిపోతే ఎంతమంది నంబర్లు నోటికొస్తాయో చూసుకోండి!

ఇక బ్యాగు సంగతి. "వాటర్‌ప్రూఫ్" అన్నది గుడ్డకే వర్తిస్తుంది. జిప్ నుంచి, కుట్టు రంధ్రాల నుంచి నీళ్లు వస్తాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి, మూతి మెలితిప్పి కట్టండి. అన్నీ సర్దాక భుజాన వేసుకుని నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కి దిగండి. శరీర బరువులో 15 నుంచి 20 శాతం దాటితే ఏదో ఒకటి తీసేయాల్సిందే. పట్టీ కుట్టు ఊడేది కూడా అప్పుడే బయటపడుతుంది. అటక మీదా, ఎండలో కాగే కారు డిక్కీలోనూ పెట్టొద్దు. తలుపు దగ్గర, నేలకు కాస్త ఎత్తులో ఉండాలి.

మొత్తానికి, ఏమీ లేనివాళ్లకు ఇది పనికొచ్చే మొదలు. ఇప్పటికే మంచి వీపు సంచీ, టార్చీ ఉన్నవాళ్లకు దండగ, కావలసినవి విడిగా కొనుక్కుంటే నాణ్యత బాగుంటుంది. కొనేటప్పుడు బ్యాగు మీద తేదీ కాదు, నీళ్ల ప్యాకెట్ మీదా దిమ్మ మీదా ఉన్న తేదీ చూడండి. ఐదేళ్ల సరుకులో మూడేళ్లు గోడౌన్‌లోనే గడిచిపోయి ఉంటే వెనక్కి పంపేయండి.