మంత్రగత్తెల వేట మీద ఐదు ఆదివారాల క్లాసు: నేను వెళ్లొచ్చాను

సంక్రాంతి అయ్యాక అమలాపురంలో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు పెద్దవాళ్ల కోసం చరిత్ర క్లాసులు పెట్టారు. ఐదు ఆదివారాలు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, మొత్తం 600 రూపాయలు, నోట్సు జిరాక్సు కూడా అందులోనే. యూరప్‌లో పాత దేవుళ్లని కొలిచేవాళ్లనీ, మంత్రగత్తెలని ముద్రపడినవాళ్లనీ ఎలా హింసించారన్నదే విషయం. నేను ముమ్మిడివరం నుంచి వారం వారం బస్సులో వెళ్లాను, ఒక్కటి కూడా మానలేదు.

వెళ్లేటప్పుడు నా బుర్రలో ఉన్నదల్లా మధ్యయుగంలో, అంటే సుమారు 500 నుంచి 1500 మధ్య, చర్చి లక్షల మంది ఆడవాళ్లని కాల్చేసిందనే. మాస్టారు ముందు చెట్ల సంగతి ఎత్తుకున్నారు. 723 ప్రాంతంలో జర్మనీలోని గైస్మార్ దగ్గర జనం డోనార్ దేవుడిదని మొక్కే ఓక్ చెట్టుని బోనిఫేస్ అనే మిషనరీ నరికేసి, ఆ కలపతోనే ప్రార్థనా మందిరం కట్టించాడట. మా ఊరి పొలిమేరలో అమ్మవారున్న రావిచెట్టు కళ్లముందు కదిలి, నాకు కాసేపు పాఠం వినబడలేదు. తర్వాత షార్లమేన్ అనే ఫ్రాంకుల రాజు. పాత దేవుళ్లని కొలిచే సాక్సన్లు అనే జర్మన్ తెగ మీద అతను 780ల్లో పెట్టిన చట్టంలో బాప్తిస్మం వద్దన్నా మరణశిక్షే, శవాన్ని పాత ఆచారం ప్రకారం దహనం చేసినా మరణశిక్షే. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది: ఫలానా మనిషి మంత్రగత్తె, మనుషుల్ని తింటుంది అని నమ్మి ఎవరినైనా కాల్చేస్తే, ఆ కాల్చినవాడికీ మరణశిక్షే! ఇది విన్నాక నేను అనుకున్నదంతా తలకిందులైంది. పదో శతాబ్దంలో కూడా, ఆడవాళ్లు రాత్రిళ్లు పాత రోమన్ దేవత డయానాతో తిరుగుతారన్నది ఉత్త భ్రమ అనే చర్చి రాసిందట.

అసలు చావులు ఎక్కువగా జరిగింది మధ్యయుగం దాటాకే. 1486లో హైన్రిష్ క్రామర్ అనే క్రైస్తవ సన్యాసి మంత్రగత్తెల్ని ఎలా పట్టుకోవాలో పుస్తకం అచ్చువేయించాడు, 1560 నుంచి 1650 మధ్య వేట ముదిరింది, మొత్తం మీద చంపిన వాళ్లు 40 వేల నుంచి 60 వేల మంది దాకా ఉంటారని పరిశోధకుల లెక్క. నూటికి 75 మందికి పైగా ఆడవాళ్లే, ఐస్‌లాండ్‌లో మాత్రం దాదాపు అందరూ మగవాళ్లు. శిక్షలు వేసింది చాలావరకు స్థానిక కోర్టులు.

నాలుగో వారం మాత్రం మర్చిపోలేను. ఆవు పాలివ్వడం మానేసిందనీ, చంటిపిల్ల చనిపోయిందనీ ఇరుగుపొరుగువాళ్లే ఫిర్యాదు చేసేవాళ్లట, ఆ తర్వాత చిత్రహింసలు పెట్టి ఇంకో నలుగురి పేర్లు చెప్పించేవాళ్లట. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక ముసలావిడ ఉండేది, చిల్లంగి పెడుతుందని మమ్మల్ని ఆవిడ గుమ్మం ముందు నుంచి కూడా వెళ్లనిచ్చేవాళ్లు కాదు. ఆవిడ పేరేంటో నేను ఏనాడూ అడగలేదు. వెనక వరసలో కూర్చున్న టైలరమ్మ "మరి సాక్ష్యం చెప్పినోళ్లు మర్నాడు ఆ వీధిలో ఎలా తిరిగారండీ" అని అడిగింది, మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు, హాల్లో ఎవరం మాట్లాడలేదు.

లోపాలూ ఉన్నాయి. చిత్రహింసల బొమ్మలు ప్రొజెక్టర్ మీద అంతంతసేపు ఉంచడం నాకు నచ్చలేదు, కొందరు పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. స్పెయిన్‌లో అలోన్సో దె సలజార్ అనే చర్చి విచారణాధికారి 1611లో ఊరూరా తిరిగి దాదాపు 1800 మందిని విచారించి, ఎక్కడా రుజువు లేదని రాసిచ్చాడు, దానివల్లే అక్కడ కాల్చడాలు ఇంచుమించు ఆగిపోయాయి. అంత గొప్ప మనిషికి ఆఖరి వారం పది నిమిషాలే! ఇంకో ఆదివారం పెంచినా నేను ఫీజు కట్టేదాన్ని. మైకు బాగోలేదు, ముందు వరసలో కూర్చోండి. నోట్సు తెలుగు మాత్రం చాలా తేలిక, మా అమ్మకి ఇచ్చాను, రెండు రోజుల్లో చదివేసింది.

తర్వాతి బ్యాచ్ దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాకట. పదిహేనేళ్లు దాటినవాళ్లనైతే తీసుకెళ్లొచ్చు.