చైన్‌సా ఇంజిన్ కిట్టు పని: ఏ టూల్‌కి డబ్బు పెట్టాలి, ఎక్కడ తాడుముక్క చాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల రిపేరుకి ఎక్కువగా వచ్చేవి రెండు రకాలు. నీలగిరి, సరుగుడు కొట్టించే కాంట్రాక్టర్ల దగ్గర స్టిల్ కంపెనీ 381 లాంటి పెద్ద మిషన్లు, జీడితోటల వాళ్ల దగ్గర 52 సీసీ, 58 సీసీ చైనా మిషన్లు. పిస్టన్ పట్టేయడం రెండింటికీ ఉన్న జబ్బే. కంపెనీ స్పెషల్ టూల్స్ అన్నీ కొంటే చైనా మిషను ఖరీదు దాటిపోతుంది. అలాగని అంతా సుత్తీ స్క్రూడ్రైవర్‌తో కానిచ్చేస్తే కొత్త కిట్టూ (బోరు అంటే సిలిండర్, పిస్టన్, రింగులు) పాతదాని దారే పడుతుంది. రెండు పద్ధతులూ ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క ఇది.

క్లచ్, మాగ్నెట్ (ఫ్లైవీల్) విప్పేటప్పుడు ఇంజిన్ తిరక్కుండా ఆపే పిస్టన్ స్టాపర్ కొనక్కర్లేదు. పాత స్టార్టర్ తాడు మడతపెట్టి ప్లగ్గు రంధ్రంలోంచి కూరితే చాలు. ఇనుప స్టాపర్ పిస్టన్ తలమీద ఒక్కచోటే ఆనుతుంది, తాడైతే బరువు అంతటా పంచుకుంటుంది. కాబట్టి ఇక్కడ తాడే మేలు. కాకపోతే సైలెన్సర్ విప్పి చూసి, పిస్టన్ పైకి వస్తూ ఎగ్జాస్ట్ రంధ్రాన్ని పూర్తిగా మూసేశాకే తాడు పెట్టాలి. ముందే పెడితే తాడు రంధ్రంలోకి జారి పిస్టన్ అంచు కింద నలుగుతుంది, ఒక్కోసారి రింగు కూడా విరుగుతుంది. క్లచ్‌ది ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మాగ్నెట్ నట్టుది మామూలు మర. చూడ్డానికి తికమకే గానీ, రెండూ ఊడేది ఇంజిన్ నడిచే దిక్కులోనే. అందుకే విప్పేటప్పుడు పిస్టన్ నడిచే దిక్కులో పైకి వస్తూ తాడుకి తగలాలి, బిగించేటప్పుడు వెనక్కి తిప్పి పైకి తేవాలి.

మాగ్నెట్ పుల్లర్ సంగతి మిషన్ని బట్టి ఉంటుంది. చిన్నవాటికి నట్టుని షాఫ్టు కొసతో సమానంగా ఉంచి, మాగ్నెట్‌ని చేత్తో పైకి లాగుతూ ఇత్తడి ముక్క అడ్డం పెట్టి ఒక దెబ్బ వేస్తే ఊడొస్తుంది. తుప్పుపట్టిన పెద్ద మిషన్ల మీద ఇదే పని చేస్తే షాఫ్టు మర చితికిపోతుంది. మాగ్నెట్‌లో మర వేసిన రంధ్రాలుంటే లేత్‌లో మందపాటి ప్లేటు చేయించుకోవచ్చు, కొన్నదానికి ఏం తీసిపోదు. రెక్కల సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడం మాత్రం వద్దు. ఒక్క రెక్క విరిగినా గాలి తగ్గుతుంది, మిషను వణుకుతుంది.

చేతిపిడి పొడవాటి టీ-27 టార్క్స్ (నక్షత్రం ఆకారం కొస) పానా మాత్రం కొనాలి. స్టిల్ మిషన్లలో బోరు బోల్టులు రెక్కల లోతులో ఉంటాయి. 4 మి.మీ. అలెన్‌కీ దూరుతుంది గానీ వదులుగా ఉండి తల అరగదీస్తుంది. ఆ తర్వాత డ్రిల్లు పెట్టి తీయాల్సి వస్తే, కొనకుండా మిగిల్చిన డబ్బు లేత్ షాపుకే పోతుంది.

పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే గడ్జిన్ పిన్ను తోసే టూల్‌కి బదులు 6 మి.మీ. మర కడ్డీ, రెండు నట్లు, పిన్ను కంటే వెడల్పు లోపలి రంధ్రం ఉన్న సాకెట్ చాలు. సాకెట్‌కీ పిస్టన్‌కీ మధ్య తోలుముక్క పెట్టి నట్టు బిగిస్తూ పోతే పిన్ను సాకెట్‌లోకి వస్తుంది. రాకపోతే పిస్టన్‌ని హాట్ ఎయిర్ గన్‌తో కాస్త వేడిచేయాలి. సుత్తి వాడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పిన్ను జారకుండా రెండు కొసలా ఉండే తీగ లాకులు కొత్తవే వేయాలి, లాక్ నోరు పైకో కిందికో ఉండాలి. పక్కకి ఉంటే పిస్టన్ కొట్టుకునే ఊపుకి లాక్ నొక్కుకుని గాడిలోంచి జారుతుంది, బోరు గీరేస్తుంది. లాక్ ఎగిరి క్రాంక్‌కేస్‌లో పడకుండా ముందే గుడ్డ కప్పాలి.

బోరులోకి ఎక్కించేటప్పుడు రింగులు నొక్కిపట్టే రింగ్ కంప్రెసర్‌కి బదులు కూల్‌డ్రింక్ సీసా ప్లాస్టిక్ పట్టీ, హోస్ క్లిప్పు సరి. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండాలి, రింగు కొసలు గాడిలోని చిన్న పిన్నుకి చెరోవైపు కూర్చోవాలి. బోరు ఎక్కకపోతే బలవంతం చేయకుండా విప్పి చూడాలి. చైనా మిషన్లలో 5200 (52 సీసీ)కి 45 మి.మీ., 5800 (58 సీసీ)కి 45.2 మి.మీ. బోరు. కౌంటర్ మీద రెండు కిట్లూ ఒకేలా కనిపిస్తాయి, కాలిపర్ పెట్టి చూసి తీసుకోండి.

బోరుకి అంటుకున్న అల్యూమినియం తీయడానికి హోనింగ్ టూల్ (బోరు లోపల రుద్దేది) దండగ. నికెల్ పూత ఉన్న బోరుకి దూదిపుల్లతో బాత్‌రూం యాసిడ్ మచ్చ మీదే రాస్తే నురుగొచ్చి అల్యూమినియం కరుగుతుంది, పూత ఉండిపోతుంది. తుడిచి, మళ్లీ రాసి, నురుగు ఆగాక వంటసోడా నీళ్లతో కడిగి, 400 నంబరు ఉప్పుకాగితం తేలిగ్గా తిప్పి, వెంటనే ఆయిల్ పూయాలి. పోర్టు (బోరు గోడలోని రంధ్రం) అంచున పూత లేచిన చోట యాసిడ్ తగిలితే లోపలికి తినేస్తుంది. క్రోమ్ పూత ఉన్న బోరుకైతే యాసిడ్ అసలు పనికిరాదు, పూతే పోతుంది. చవక కిట్లలో పూత ఏదో తెలియనప్పుడు బోరు మార్చేయడమే నయం.

ఇక ఎవరూ కొనని టూల్, నిజానికి ముందు కొనాల్సిన టూల్: ప్రెషర్-వాక్యూమ్ చేతిపంపు. కిట్టు వేసిన కొద్దిరోజులకే పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గీతలతో మళ్లీ పట్టేస్తే ఆయిల్‌నో కిట్టునో తిడతారు. చాలాసార్లు తప్పు క్రాంక్ షాఫ్టు బయటికొచ్చే చోట గాలి ఆపే సీలుది. సందులోంచి గాలి లాక్కుని మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కుతుంది. యాక్సిలరేటర్ వదిలాక కూడా స్పీడు వెంటనే దిగకపోవడం దీని గుర్తు.

సైకిల్ ట్యూబు ముక్కలతో ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మూసి, ఇంపల్స్ నిపుల్ (క్రాంక్‌కేస్ ఒత్తిడిని కార్బురేటర్‌కి చేర్చే గొట్టం తగిలించేది)‌లోంచి 0.5 బార్ గాలి ఎక్కించాలి. 20 సెకన్లు నిలవాలి. ప్లగ్గు రంధ్రంలోంచి ఎక్కిస్తే పిస్టన్ కిందికి ఉండాలి, లేకపోతే గాలి క్రాంక్‌కేస్‌కి చేరదు. ఇంతవరకూ బీపీ మిషను బుడ్డి, డయల్‌తో నెట్టుకురావచ్చు. డయల్ మీద 300 దగ్గర 0.4 బార్ అవుతుంది, సబ్బునీళ్లు రాస్తే బుడగలు కనిపిస్తాయి. కానీ సీలు పెదవి లోపలి వైపు తిరిగి ఉంటుంది. గాలి ఎక్కిస్తే అది షాఫ్టుకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, అరిగిన సీలు కూడా పాసైపోతుంది. లాగినప్పుడే లీకు బయటపడుతుంది. 0.5 బార్ వాక్యూమ్ లాగి, షాఫ్టు మెల్లగా తిప్పుతూ చూడాలి. 20 సెకన్లలో 0.3 దాకా పడిపోయినా ఫర్వాలేదని స్టిల్ మాన్యువల్ లెక్క. అంతకంటే పడితే సీళ్ల మీద ఆయిల్ చుక్క వేయండి, పీల్చుకున్న వైపు దొరికినట్టే. ఈ పనికి బీపీ బుడ్డి పనికిరాదు. కార్ల బ్రేక్ బ్లీడింగ్ చేతిపంపు వాక్యూమ్ వరకూ బాగా చేస్తుంది, దాని డయల్ మీద 15 అంగుళాలు (సుమారు 0.5 బార్) చూసుకుంటే సరి.

క్రాంక్‌కేస్ విడగొట్టాల్సి వస్తే పుల్లరో, లేత్‌లో చేయించిన ప్లేటో తప్పదు. షాఫ్టు కొసన సుత్తి వేస్తే క్రాంక్ వరస తప్పుతుంది, కొత్త సీళ్లు కూడా నిలవవు. బేరింగు ఎక్కించేటప్పుడు కేసుని హాట్ ఎయిర్ గన్‌తో వేడిచేసి, ఫ్రీజర్‌లో పెట్టిన బేరింగుని వదిలితే దానంతటదే కూర్చుంటుంది. గ్యాస్ మంట వద్దు. పెద్ద మిషన్ల కేసు మెగ్నీషియం, దాని రజను అంటుకుంటే నీళ్లతో ఆరదు. స్టిల్ 180 లాంటి చిన్న మిషన్లలో కింది సగానికి గ్యాస్కెట్ ఉండదు, పెట్రోల్ తట్టుకునే సీలెంట్ వేయాలి. మామూలు సిలికాన్ పెట్రోల్‌లో ఉబ్బి ఊడిపోతుంది.

కాయిల్ గ్యాప్‌కి (ఇగ్నిషన్ కాయిల్‌కీ మాగ్నెట్‌కీ మధ్య సందు) విజిటింగ్ కార్డు చాలు, సుమారు 0.3 మి.మీ. వస్తుంది. టాకోమీటర్ ఉంటే మంచిదే. లేకపోతే ఫుల్ యాక్సిలరేటర్‌లో బరువు లేనప్పుడు శబ్దం కాస్త గరగరలాడేలా హెచ్ స్క్రూ (ఫుల్ స్పీడులో పెట్రోల్ పాలు సరిచేసే కార్బురేటర్ స్క్రూ) ఉంచండి, చెక్కలో పెట్టగానే ఆ గరగర పోవాలి. గాల్లోనే సన్నగా, నున్నగా కీచుమంటోందంటే స్క్రూ ఎక్కువ బిగించినట్టు, వెంటనే వదులు చేయండి.