అవతార్ రెండో భాగం: తిరుపతిలో తెలుగులోనా, చెన్నైలో ఐమాక్స్‌లోనా?

సినిమా బాగుందా లేదా అన్న గొడవ మా తిరుపతిలో పెద్దగా జరగలేదు. యాడ చూశావు అన్నదాని మీదే అందరూ కొట్టుకుంటున్నారు. హాలీవుడ్ దర్శకుడు జేమ్స్ కామెరాన్ తీసిన 'అవతార్' మొదటి భాగం 2009 డిసెంబరులో వచ్చింది. రెండోది, 'ది వే ఆఫ్ వాటర్', 2014లో వస్తుందన్నారు. తర్వాత వాయిదాల మీద వాయిదాలు వేసి, 2022 డిసెంబరు 16న దింపారు. మొదటి భాగానికి హాస్టల్ గోడ దూకి సెకండ్ షోకి పోయిన కుర్రాళ్లు ఇప్పుడు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. నేనూ ఆ బ్యాచే. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ఇప్పుడు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పుకుంటున్నాను. ఈ రివ్యూలో కాస్త పాఠం వాసన వస్తే సర్దుకోండి.

అప్పటికి మాండూస్ తుపాను వచ్చిపోయి వారమే అయింది. మా వీధి గుంతల్లో నీళ్లు ఇంకా ఇంకలేదు. "బయటున్న నీళ్లు చాలవని లోపల కూడా చూపిస్తావా?" అంటూనే మా ఆవిడ బయల్దేరింది. ఆదివారం ఫస్ట్ షో, తెలుగు, త్రీడీ. థియేటర్ పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది. హాలు నిండా జనం, సగం మంది కాలేజీ పిల్లలే.

మొదటి అరగంట హాలు కొంచెం అసహనంగానే ఉంది. మొదటి భాగంలో చచ్చిపోయిన విలన్ క్వారిచ్ నీలం ఒంటితో మళ్లీ దిగేసరికి, "చచ్చినోణ్ణి కూడా వదల్లేదురా" అని వెనక ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. హీరో జేక్ కుటుంబంతో అడవి వదిలి సముద్రం ఒడ్డు తెగ దగ్గరికి చేరాక హాలు సద్దుమణిగింది. పిల్లలు మొదటిసారి నీళ్లలోకి దూకినప్పుడు నా పక్కనున్న అబ్బాయి సగం తిన్న ఎగ్ పఫ్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. దాంతో ఆ పఫ్ చల్లారిపోయింది.

అసలు విజిల్స్ మాత్రం పాయకన్‌కి పడ్డాయి. తిమింగలం లాంటి ఆ జీవిని సొంత గుంపే వెలేసింది. దానితో స్నేహం చేసేది తండ్రి దగ్గర ఎప్పుడూ తిట్లు తినే రెండో కొడుకు లోఆక్. చివర్లో పాయకన్ నీళ్లలోంచి ఎగిరి వేటగాళ్ల ఓడ మీద పడినప్పుడు హాల్లో లేచిన గోల సంక్రాంతి సినిమాల్లో హీరో ఎంట్రీకి కూడా వినలేదు. కాగితాలు కూడా ఎగిరాయి. జేమ్స్ కామెరాన్‌కి ఈ సంగతి తెలిస్తే సంతోషిస్తాడు.

మా బావమరిది కథే లేదంటాడు. "యాడుంది బావా కథ? ఊరొదిలిపోతారు, విలన్ వెతుక్కుంటూ వస్తాడు, కొట్టుకుంటారు." నిజమే. కానీ అందుకే మావాళ్లకి ఎక్కింది. కొత్త ఊళ్లో తలదాచుకున్న కుటుంబం, ఊరిపెద్ద భార్య మొహంలో అనుమానం, అక్కడి పిల్లల వెక్కిరింపులు, అన్నీ మనకి అలవాటైన మలుపులే. కథ అర్థం చేసుకోవడానికి బుర్ర ఖర్చు కాదు కాబట్టి కళ్లు ఖాళీగా ఉంటాయి, చూడాల్సింది చూస్తాయి. నా ఫిర్యాదు వేరే. మొదటి భాగానికి ప్రాణం పోసిన జేక్ భార్య నేయితిరిని ఇక్కడ చాలాసేపు పక్కన నిలబెట్టేశారు. ఇంటర్వెల్లో క్యాంటీన్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు ఇదే మాట కోపంగా అనుకుంటున్నారు. నాకు బాగా నచ్చింది జేక్ వాళ్లు పెంచుకున్న కూతురు కిరీ. ఆ టీనేజి పిల్లగా నటించింది డెబ్బై దాటిన సిగోర్నీ వీవర్ అని చెబితే మా అమ్మాయి ఇప్పటికీ నమ్మడం లేదు.

తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. డబ్బింగ్ సినిమాల్లో వినబడే ఆ గ్రాంథికం మోత లేదు. పిల్లల తగాదాలు మన ఇళ్లలో మాటల్లానే ఉన్నాయి. మా అమ్మాయి మూడు గంటల పన్నెండు నిమిషాలు కదలకుండా కూర్చుందంటే సగం కారణం అదే.

ఇక థియేటర్. తెర చీకటి. త్రీడీలో ఒక్కో కంటికి చేరే వెలుగు ఎలాగూ బాగా తగ్గిపోతుంది, త్రీడీ కళ్లద్దాలు సగానికి పైగా మింగేస్తాయి. మామూలు సినిమాకి తెర మీద 14 ఫుట్‌లాంబర్టుల (తెర వెలుగుని కొలిచే లెక్క) వెలుగు ఉండాలని ప్రమాణం. త్రీడీలో చాలాచోట్ల అది నాలుగుకి అటూఇటూ పడిపోతుంది. దానికి ప్రొజెక్టర్‌లో పాత ల్యాంపు తోడయ్యేసరికి, కథ జరిగే పండోరా లోకంలోని అడవి రాత్రిపూట మిలమిలా మెరవాల్సింది పోయి కరెంటు పోయిన వీధిలా కనిపించింది. నేను అద్దాలు తీసి చూశాను. బొమ్మ రెండుగా ఉంది, కానీ రంగులు బతికి ఉన్నాయి. బయటికొచ్చి అడిగితే, "ఫుల్ పవర్ పెడితే ల్యాంప్ తొందరగా పోతుంది సార్" అన్నాడు అక్కడి మనిషి. అద్దాలకి వేరేగా డబ్బులు తీసుకుని, వేలిముద్రలతో సహా ఇచ్చారు. సౌండ్ మాత్రం వంక పెట్టలేం.

బావమరిది, వాడి ఫ్రెండ్సు గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయి, వడపళనిలో ఐమాక్స్ అనే పెద్ద తెర హాల్లో ఇంగ్లీషులో చూసొచ్చారు. నీళ్ల సీన్లు అద్దంలా ఉన్నాయట. అయితే సెకనుకు 48 ఫ్రేములతో, అంటే 48 బొమ్మలతో తీసిన చోట్ల, ముఖ్యంగా నేల మీద మాట్లాడుకునేటప్పుడు, టీవీ సీరియల్ చూసినట్టుందన్నాడు. మన కళ్లు సినిమా అంటే 24 ఫ్రేములకే అలవాటుపడ్డాయి. ఇందులో ఒక షాట్ అలా, ఒక షాట్ ఇలా మారుతుంటే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నీళ్లలో మాత్రం ఆ నునుపు బాగా కలిసొచ్చిందని వాడే ఒప్పుకున్నాడు. బాలాజీ కాలనీ టీకొట్టు దగ్గర ఈ మాట మీద వాళ్లకీ, తెలుగులోనే చూసినవాళ్లకీ గంట సేపు రగడ. "భాష తెలీకుండా ఏడ్చేదెట్టరా?" అని ఒకడు, "చీకట్లో ఏడిస్తే ఎవరికి కనపడుతుంది?" అని ఇంకొకడు.

ఇలాంటి త్రీడీ సినిమా మళ్లీ వచ్చినప్పుడు నా మాట అడిగితే, పదేళ్లలోపు పిల్లలుంటే తిరుపతిలోనే తెలుగులో చూడండి. కర్చీఫ్ తీసుకెళ్లండి, అద్దాలు తుడవడానికి. సీట్లు మధ్య వరుసల్లో, మధ్యలో బుక్ చేసుకోండి, పక్కకి పోయేకొద్దీ తెర ఇంకా మసకబారుతుంది. పెద్దవాళ్లే అయితే, చెన్నై పోయి రావడానికి ఒక రోజు, టికెట్‌కి కాస్త ఎక్కువ డబ్బులు పెట్టగలిగితే అక్కడే చూడండి. సినిమాకి ఐదుకి నాలుగు, ఆ థియేటర్‌కి ఐదుకి రెండు, ఆ రెండూ సౌండ్‌కే. మూడో భాగం షూటింగు కూడా దీంతో కలిపే తీశారు, అందుకే ఈసారి పదమూడేళ్లు ఆగక్కర్లేకుండా 2025 డిసెంబరులోనే వచ్చేసింది. ఈలోపు ఆ ల్యాంపు మార్చారో లేదో చూడాలి.