రైతుబజారా, వీధి చివరి బండా?

రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. దళారీ ఉండడు, ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది. పొద్దున్నే విజయవాడలోని పటమట రైతుబజారుకు వెళ్తే గోంగూర, తోటకూర తడి ఆరకుండా దొరుకుతాయి. తాజాదనంలో, ధరలో నా ఓటు దానికే.

కానీ విజయవాడ వన్‌టౌన్‌లో కొండ మెట్ల మీద ఇల్లున్నవాళ్ల సంగతేంటి? బజారులో మిగిలిన డబ్బు ఆటోకే సరిపోతుంది. పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. వాళ్లకు దిక్కు కొండ కింద ఆగే తోపుడు బండే. పది రూపాయల కూరైనా ఇస్తాడు, తెలిసినవాళ్లకు అప్పూ పెడతాడు. ధర కాస్త ఎక్కువే. ఎండలో, బస్సుల పొగలో తిరిగి ఆకుకూర మధ్యాహ్నానికే వడలిపోతుంది.

అందుకే నగరపాలక సంస్థ కొత్త బజారు కన్నా ముందు ఈ బండ్లకు నీడ, కూరలు కడగడానికి శుభ్రమైన కుళాయి నీళ్లు ఇవ్వాలి.