ఒమాచి బియ్యపు సాకే: మిల్లు ఇంటి నుంచి ఒక సమీక్ష

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాయన కొడుకు సంక్రాంతికి మిర్యాలగూడ వస్తూ, ఒకాయామా ప్రాంతంలో తయారైన 720 మిల్లీలీటర్ల సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) సీసా ఒకటి తెచ్చాడు. ధర రెండు వేల యెన్‌లు దాటిందన్నాడు. సీసా మీద ఒమాచి అనే వరి రకం పేరు, జున్మై గింజో అనే తరగతి పేరు, 58 శాతం అనే అంకె ఉన్నాయి. బియ్యం మిల్లు నడిపే ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక నా చూపు ముందు ఆ అంకె మీదే ఆగింది.

ముడిబియ్యాన్ని అరగదీయగా 58 శాతం మాత్రమే మిగిల్చారని దాని అర్థం. మనం తినే బియ్యానికి పాలిష్ పట్టినప్పుడు తవుడుగా పోయేది పది శాతం అటూ ఇటూ ఉంటుంది. గింజ పైభాగంలోని కొవ్వు, మాంసకృత్తులు సాకేకు మోటు రుచి తెస్తాయి కనుక అక్కడ నూటికి నలభై రెండు పాళ్లు పిండిగా రాల్చేస్తారు. మన సాంబ మసూరిని అంతగా అరగదీస్తే చేతికి నూకే వస్తుంది. ఒమాచి గింజ పెద్దది. దాని నడుమ పిండి వదులుగా అమరి తెల్లగా కనిపించే గుండె ఉంటుంది, సాకే కోసం బియ్యం మీద పెంచే కోజి అనే బూజు పోగులు పాకేది అందులోకే. గింజలో తెలుపు కనిపిస్తే విరుగుతుందన్న భయం మన మిల్లులది. ఈ సంగతి చెప్పినప్పుడు మా మేనమామ సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తూ, "పొట్ట తెలుపుంటే మనం రేటు తగ్గిస్తం, వాళ్లు పెంచుతరా అల్లుడా?" అని అడిగాడు.

1859లో వెలుగులోకి వచ్చిన ఈ రకం, నేడు సాకే బియ్యాల్లో అందరికంటే పేరున్న యమదా నిషికికి పూర్వీకురాలు. ఒకటిన్నర మీటర్ల ఎత్తు పెరిగి గాలికి పడిపోయే చేను కావడం వల్ల రైతులు వదిలేయగా, 1970ల నాటికి దాదాపు కనుమరుగై, తయారీదారుల పట్టుదలతో మళ్లీ పొలాలకు చేరింది. పొట్టి రకాలు వచ్చాక మన పొడుగు వరులకు పట్టిన గతి తెలిసినవారికి ఈ తిరిగిరాక ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

తాటికల్లుకు చెట్టే తీపి ఇస్తుంది. బియ్యంలో ఆ తీపి లేదు. కోజి పిండిని చక్కెరగా మారుస్తుండగానే, అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను మద్యంగా మారుస్తుంది. కాచి దించే పని లేకుండానే ఈ సీసాలోని ఘాటు 16 శాతానికి చేరింది.

ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి తాగితే పండిన దోసపండు వాసన పలచగా తగిలింది కానీ, బియ్యపు రుచి దాగిపోయింది. సీసాలోది చిన్న స్టీలు చెంబులోకి వంచి, ఆ చెంబును వేడినీళ్ల గిన్నెలో గోరువెచ్చనయ్యేదాకా ఉంచినప్పుడు, గంజి వార్చేటప్పుడు వచ్చే ఆవిరి వంటి వాసన లేచి, నాలుక మీద కమ్మదనం చాలాసేపు నిలిచింది. ఒమాచి రుచి ఇదేనని నాకు అనిపించింది. కారం దట్టించిన నాటుకోడి కూర దాన్ని పూర్తిగా మింగేసింది. ఉప్పు, పసుపు మాత్రమే పట్టించి వేయించిన సాగర్ చేపతో చక్కగా కుదిరింది.

మిగిలిన పావు సీసాను వేసవిలో వంటింటి అరలో పెట్టడం నా తప్పు. రంగు ముదిరి, వాసన చెడింది. మన ఎండలకు ఇది ఆగదు. మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచి కొద్ది రోజుల్లో ముగించాలి. వచ్చే జనవరికి మరో సీసా తెమ్మని చెప్పాను, ఈసారి దానితో పాటు గుప్పెడు అరగదీసిన ఒమాచి గింజలు కూడా చూపించమని మామ కోరాడు.