తిరానా నుంచి ఒక్క రోజు: బెరాట్‌ మేలా, జిరోకాస్తర్‌ మేలా?

అల్బేనియా వెళ్తున్నామని చెప్పే తెలుగువాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. జర్మనీలో మా చుట్టుపక్కల ఉన్నవాళ్లలోనే ఈ ఏడాది మూడు కుటుంబాలు వెళ్లొచ్చాయి. విమానం టికెట్లు కొంటారు, రాజధాని తిరానాలో మూడు రాత్రులకు గది తీసుకుంటారు, ఆ తర్వాత నాకు ఫోన్ చేసి అందరూ ఒకటే అడుగుతారు: "ఒక రోజు ఖాళీగా ఉందండీ, గైడుతో ఆ కొండమీది పాత ఊళ్లలో ఒకటి చూసి రావాలి. బెరాట్‌ మేలా, జిరోకాస్తర్‌ మేలా?"

నేను రెండూ గైడుతోనే చూశాను. రెండేళ్ల కిందట ఆఫీసు స్నేహితులతో జిరోకాస్తర్ వెళ్లాను. మొన్న మే నెలలో అమ్మనీ నాన్ననీ తీసుకుని బెరాట్ వెళ్లాను. ఫోన్లో ఐదు నిమిషాల్లో చెప్పలేకపోతున్నది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఏది గొప్ప ఊరు అన్న లెక్కతో ఇది తేలదు. జిరోకాస్తర్ 2005లో యునెస్కో జాబితాకెక్కింది, 2008లో బెరాట్‌నూ అదే గుర్తింపులో చేర్చారు. రెండింటికీ కొండ నెత్తిన కోట ఉంది, కింద ఏరు ఉంది, మధ్యలో ఉస్మానీ (ఒట్టోమన్ తురుష్కుల) కాలం నాటి ఇళ్లు మెట్లు మెట్లుగా దిగుతాయి. నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్కటే. వ్యాన్ దిగాక ఊళ్లో నడవడానికి మీకు ఎన్ని గంటలు మిగులుతాయి?

తిరానా నుంచి బెరాట్‌కు రెండు గంటల దారి. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే పదిన్నరకల్లా కోటలో ఉంటాం. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. భోజనం తీసేసినా ఐదు గంటలు చేతిలో ఉంటాయి. జిరోకాస్తర్ అలా కాదు, సుమారు 230 కిలోమీటర్లు. ఆగకుండా పోతే మూడు, మూడున్నర గంటలు. కానీ గుంపుగా వెళ్లే ఏ వ్యానూ ఆగకుండా పోదు. కాఫీకి ఒకసారి, బాత్రూముకు ఒకసారి ఆగాల్సిందే. పైగా తిరానా నుంచి వెళ్లే ట్రిప్పుల్లో చాలావాటికి 'నీలి కన్ను' అనే ఊటను కూడా కలుపుతారు. అది జిరోకాస్తర్ దాటి, సముద్రపు ఒడ్డున ఉన్న సరాందా వైపు వెళ్లే దారిలో ఉంటుంది. నీళ్లు నిజంగానే నెమలి కంఠం రంగులో అడుగునుంచి ఉబికి వస్తాయి, చూడాల్సిందే. అయితే బండి ఆపిన చోటు నుంచి ఊట దాకా ఇరవై నిమిషాలు పైగా నడక, రావడానికి మళ్లీ అంతే.

మా ట్రిప్పులో జరిగిందీ ఇదే. ఏడింటికి తిరానాలో ఎక్కాం. ఊటను చూసుకుని జిరోకాస్తర్‌లో దిగేసరికి ఒంటిగంటన్నర అయింది. నాలుగింటికి మళ్లీ వ్యాన్ దగ్గర ఉండాలన్నారు. పద్నాలుగు మందిమి ఒకే హోటల్లో కూర్చున్నాం, అన్నాలు వచ్చి తినేసరికే గంట గడిచింది. మిగిలిన గంటన్నరలో కోట, బజారు, ఒక పాత ఇల్లు. మా గైడు ఆ ఊరి పిల్లే. ఎన్వర్ హోజా పుట్టింది ఈ ఊళ్లోనే, 1908లో. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఇస్మాయిల్ కదరే పుట్టిందీ ఈ ఊళ్లోనే. ఒకడు కమ్యూనిస్టు నియంతగా దేశాన్ని నలభై ఏళ్లు గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఇంకొకాయన అదే దేశాన్ని నవలలుగా రాసి ప్రపంచానికి చూపించాడు. ఆ ఇద్దరి సంగతీ ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది, అందరం ఆమె చుట్టూ చేరాం. మధ్యలో వాచీ చూసుకుని, "మిగతాది వ్యాన్‌లో చెబుతాను" అని నడక మొదలుపెట్టింది. వ్యాన్ ఎక్కాక సగం మందిమి నిద్రపోయాం. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. దారి అంత పొడుగు.

ఇలా రాస్తున్నానని జిరోకాస్తర్ తక్కువదని అనుకోవద్దు. ఊరిగా చూస్తే నాకు అదే ఎక్కువ నచ్చింది, ఆ మాట దాచను. అక్కడ ఇళ్ల పైకప్పులన్నీ రాతి పలకలే. మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లను చిన్న చిన్న ముక్కలు చేసి పెంకుల్లా పేర్చి ఇల్లు కప్పారనుకోండి, ఇంచుమించు అలా ఉంటుంది. చిన్న జల్లు పడితే చాలు, కొండవాలంతా వెండి రంగు తిరుగుతుంది. ఇళ్లు కోటల్లా కట్టుకున్నారు. కింద మందమైన రాతి గోడలు, కిటికీలు లేవన్నట్టే ఉంటాయి. పైకి పోయేకొద్దీ కిటికీలు, చెక్కపని, వెలుతురు పెరుగుతాయి. కప్పు మీద పడిన వాన నీళ్లు ఇంటి అడుగున ఉన్న తొట్టిలోకి దిగేట్టు ఏర్పాటు ఉంటుంది. బయట శత్రువు కాపు కాసినా ఇంట్లో నీళ్లకు లోటు ఉండదు. 19వ శతాబ్దం మొదట్లో కట్టిన జెకాటే ఇంట్లో పై అంతస్తు గదికి గోడల నిండా పూలబొమ్మలేనట. మేము చూడగలిగింది స్కెందులి ఇల్లు ఒక్కటే, అదీ పరుగు మీద. కోటలో 1957లో దిగిన అమెరికా సైనిక విమానం తుప్పు పట్టి కూర్చుని ఉంటుంది. 1968 నుంచీ జానపద ఉత్సవాలు జరుగుతున్న వేదికా అక్కడే ఉంది. ఇన్ని ఉన్న ఊరికి గంటన్నర ఎలా సరిపోతుంది?

తిండి విషయంలో కూడా ఓటు జిరోకాస్తర్‌కే. అక్కడ చిఫ్చి అని ఒకటి దొరుకుతుంది. అన్నం, పుదీనా, గుడ్డు కలిపి, అచ్చం మన గుంత పొంగడాల పెనం లాంటి గుంతల పెనంలో వేసి కాలుస్తారు. శాకాహారమని రాసి ఉంటుంది కానీ గుడ్డు ఉంటుంది, తినని వాళ్లు గుర్తుంచుకోండి. బెరాట్‌లో మాంసం వద్దనుకుంటే బ్యురెక్ (పల్చటి పొరల మధ్య కూరిన రొట్టె), మిరపకాయల్లో జున్ను లాంటిది కూరి వండినవి, సలాడ్, పెరుగు దొరుకుతాయి. అమ్మ వెంట ఆవకాయ తెచ్చుకుంది కాబట్టి మాకు ఇబ్బంది కాలేదు.

ఇప్పుడు బెరాట్. మా వ్యాన్ తిన్నగా పైన కోట ద్వారం దాకా వెళ్లింది. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు. కోటలో అడుగు పెట్టగానే అమ్మ ఆగిపోయి, "ఇదేమిటే, బట్టలు ఆరేసి ఉన్నాయి!" అంది. కోటంటే టికెట్ కొని చూసే ఖాళీ గోడలు అనుకుంది పాపం. కాలా అని పిలిచే ఈ కోటలో ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు. ద్రాక్ష పందిళ్లు, గుమ్మంలో చెప్పులు, గోడ మీద పిల్లి. గోల్కొండ బయటి కోటగోడ లోపలి బస్తీలు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నాన్నకు వెంటనే అవే గుర్తొచ్చాయి.

ఆ ఇళ్ల మధ్యలోనే పాత చర్చిలు ఉన్నాయి, కూలిన మసీదుల ఆనవాళ్లు ఉన్నాయి. పెద్ద చర్చిని ఒనుఫ్రి మ్యూజియంగా చేశారు. ఒనుఫ్రి 16వ శతాబ్దపు చిత్రకారుడు. ఆయన బొమ్మల్లోని ఎరుపు చాలా పేరుపడ్డది, ఆ రంగు ఎలా కలిపేవాడో ఆయనతోనే పోయిందని చెబుతారు. చెక్కతో చెక్కిన బలిపీఠం తెర ముందు నాన్న చాలాసేపు నిలబడ్డారు. అప్పుడు గైడు చెప్పిన మాట మాకు బాగా గుర్తుండిపోయింది. 1967లో, హోజా హయాంలో, ఈ దేశంలో మతాన్నే నిషేధించారు. చర్చిలూ మసీదులూ మూతపడ్డాయి, ఎన్నో కూలిపోయాయి. బెరాట్‌ను మ్యూజియం నగరంగా ప్రకటించి ఉండటం వల్ల ఇక్కడ చాలా మిగిలాయి. ఊదారంగు తోలు మీద వెండి అక్షరాలతో 6వ శతాబ్దంలో రాసిన సువార్తల ప్రతి కూడా శతాబ్దాల పాటు ఈ ఊళ్లోనే భద్రంగా ఉండి, ఇప్పుడు తిరానాలోని జాతీయ ఆర్కైవ్స్‌కు చేరింది. ఇవన్నీ చెప్పేవాళ్లు లేకుండా వెళితే అది ఇంకో పాత చర్చి, అంతే.

కోట అంచున నిలబడితే కింద ఓసుమ్ నది, అవతలి ఒడ్డున గోరిత్సా పేట, దూరంగా 2,400 మీటర్లు దాటిన తొమోర్ కొండ కనిపిస్తాయి. ఇంకో వైపు ష్పిరాగ్ కొండ. ఒక పిల్ల కోసం తొమోర్, ష్పిరాగ్ అనే ఇద్దరు రాక్షసులు కొట్టుకున్నారట. తొమోర్ కత్తి దెబ్బలే ష్పిరాగ్ మీద చాళ్లు, ష్పిరాగ్ గద దెబ్బలే తొమోర్ మీద గుంటలు. ఏడ్చిన పిల్ల కన్నీళ్లే ఓసుమ్. రెండు కొండలనూ చూపిస్తూ చెబుతుంటే కథ కళ్లముందు జరిగినట్టుంది. అదే ష్పిరాగ్ మీద 1968లో హోజా పేరును పెద్ద పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో, ఎన్వర్ అని, రాళ్లతో రాయించారు. 2012లో ఒక కళాకారుడు మొదటి రెండు అక్షరాలనూ అటూ ఇటూ మార్చాడు. ఇప్పుడది 'నెవర్' అయింది.

ఇక అసలు సంగతి. కోటలో ఒక ముసలావిడ గోడ మీద తెల్లటి లేసు గుడ్డలు పరిచి అమ్ముతోంది. అమ్మకు క్రోషా పని వచ్చు. ఒక గుడ్డను తిప్పి వెనక వైపు కుట్టు చూసింది. ముసలావిడకు అర్థమైపోయింది, పక్కన జరిగి చోటిచ్చింది. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. సూది ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ అరగంట గడిచింది. ఆవిడ లోపలికెళ్లి అంజూరపు పాకం ఒక గిన్నెలో తెచ్చిపెట్టింది, గ్లికో అంటారట. మా గైడు ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. తొందర పెట్టాల్సిన అవసరం లేదు, ఇంకా మూడు గంటలు మిగిలి ఉన్నాయి. జిరోకాస్తర్ బజారులోనూ ఇలాంటి ఆడవాళ్లను చూశాను. నేను ఆగలేదు, ఆగే వీలు లేకపోయింది.

మధ్యాహ్నం దిగువకు వచ్చాం. దిగే దారి నున్నటి గులకరాళ్ల వాలు, అరిగిపోయి జారుతుంది. అమ్మానాన్నలు టాక్సీలో దిగారు, నేను నడిచాను. మంచి పట్టు ఉన్న బూట్లు వేసుకున్నా రెండు చోట్ల గోడ పట్టుకున్నాను. వాన పడితే నడిచి దిగకండి. కింద మంగలేం పేట. వెయ్యి కిటికీల ఊరన్న పేరు బెరాట్‌కు ఈ పేటను చూసే వచ్చింది. దాన్ని దాంట్లో నిలబడి చూడలేం. 1780లో మొదట కట్టిన గోరిత్సా వంతెన దాటి అవతలి ఒడ్డుకు పోయి, మూడు గంటలు దాటిన ఎండలో చూడాలి.

కాబట్టి తిరానాలో దిగి ఒక్క రోజే ఉన్నవాళ్లకు, అందులోనూ పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నేను బెరాటే చెబుతాను. కొన్ని ట్రిప్పుల్లో బెల్ష్ సరస్సు కూడా కలుపుతారు. దానివల్ల బెరాట్‌లో గంట తగ్గుతుందేమో ముందే అడగండి. తగ్గేట్టయితే సరస్సు లేని ట్రిప్పే తీసుకోండి.

మీ మకాం తిరానా కాకుండా దక్షిణాన సముద్రపు ఒడ్డున సరాందాలోనో, దాని దగ్గరి క్సామిల్‌లోనో ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి జిరోకాస్తర్ గంట, గంటంబావు దారి. నీలి కన్ను దారిలోనే తగులుతుంది. గ్రీసు దీవి కోర్ఫూ నుంచి ఓడలో సరాందాకు వచ్చేవాళ్లకు కూడా ఇదే మంచిది. వాళ్లు బెరాట్ గురించి ఆలోచించనక్కర్లేదు.

క్రూయా గురించి కూడా కొందరు అడుగుతారు. తిరానాకు దగ్గర, పూట చాలు. 15వ శతాబ్దంలో ఉస్మానీ సేనలను ఏళ్ల తరబడి నిలువరించిన స్కందర్‌బెగ్ కోట, దాని కింద చెక్క కొట్ల బజారు. విమానం సాయంత్రం ఉంటే ఆ పొద్దున వెళ్లి రండి. బెరాట్, జిరోకాస్తర్ రెండూ ఒకే రోజు చూపిస్తామనే ట్రిప్పు కనబడితే డబ్బు కట్టకండి.

గైడు ఎందుకు, బస్సులో పోలేమా అంటే, బెరాట్‌కు పోవచ్చు. తిరానా నుంచి బస్సులు బాగానే ఉన్నాయి. కానీ బస్టాండు పాత ఊరికి దూరం, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకోవాలి. కోటలో చర్చిలు చాలావరకు తాళం వేసి ఉంటాయి. మా గైడు ఒక ఇంటి తలుపు తట్టి తాళంచెవి ఉన్న మనిషిని పిలుచుకొచ్చింది. మనమైతే ఏ తలుపు తట్టాలో కూడా తెలియదు. జిరోకాస్తర్‌కు బస్సులో ఒక్క రోజులో పోయి రావాలని మాత్రం అనుకోకండి.

సోమవారం మ్యూజియంలు మూసి ఉండే వీలుంది, రోజు ఖాయం చేసుకునే ముందే కనుక్కోండి. జూలై, ఆగస్టుల్లో కోట మీద నీడ తక్కువ, ఎండ మన మే నెలను గుర్తు చేస్తుంది. నేను అక్టోబరులో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి జిరోకాస్తర్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాను, రాతి కప్పు ఉన్న పాత ఇంట్లో.